సీటు ఎంచుకునేముందే కళాశాల తలుపులు తెరవాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

ఏటా ఇంజనీరింగ్, డిగ్రీ ప్రవేశాల వేళ మీ పత్రికలో కౌన్సెలింగ్ తేదీలు, ఫీజులు, మిగిలిపోయిన సీట్ల లెక్కలు వివరంగా వస్తాయి. జిల్లాల్లో ఉండే మా వంటివారికి వాటి వల్ల కలిగే మేలు ఇంతా అంతా కాదు. అయితే నాలుగేళ్లు చదవబోయే చోటును ఒక్కసారైనా కళ్లతో చూడకుండా, అక్కడ చదువుతున్న ఒక్కరితోనైనా మాట్లాడకుండా విద్యార్థి సీటు ఎంచుకోవలసి రావడం ఎవరికీ లోపంగా తోచకపోవడం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినా, జూన్, జులై నెలల్లో పిల్లలూ తల్లిదండ్రులూ సలహా కోసం ఇంటికి వస్తూనే ఉంటారు. ‘ఏ కాలేజీ మంచిదండీ?’ అన్న వారి ప్రశ్నకు నిజాయతీగా జవాబు చెప్పాలంటే ‘మీరు వెళ్లి చూశారా?’ అని అడగాలి. చూసే వీలు వారికి ఎవరూ కల్పించలేదని తెలిసి ఆ మాట ఎలా అడగను?

ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష ఎంసెట్ 1986లో మొదలైంది. ఆ తరువాత చాలాకాలం కౌన్సెలింగ్ అంటే ధ్రువపత్రాల సంచితో హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌కు రైలెక్కి వెళ్లడమే. వెబ్ కౌన్సెలింగ్ వచ్చాక ఆ యాతన పోయింది, ర్యాంకును బట్టి సీటు అన్న నియమం ఎవరూ వేలెత్తి చూపలేనంత పారదర్శకంగా అమలవుతోంది. గత ఏడాది ఏ కళాశాలలో ఏ శాఖకు ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో తెలిపే పట్టిక కూడా అందరికీ అందుబాటులో ఉంది. ఇవన్నీ మెచ్చుకోదగినవే. కానీ ఆ పట్టిక గత ఏడాది విద్యార్థులు దేన్ని కోరుకున్నారో చెబుతుందే తప్ప, కోరుకున్నచోట వారికి చదువు ఎలా అబ్బిందో చెప్పదు. నిరుటి పిల్లలు కూడా అంతకు ముందటి ఏడాది పట్టికను చూసే ఎంచుకున్నారు కదా!

ఇక ఎంపిక ఎక్కడ జరుగుతోందో చూడండి. మా పట్టణంలో చాలామంది పిల్లలు వెబ్ ఆప్షన్లు ఇచ్చేది నెట్ సెంటర్‌లోనే. నిరుడు నా వెంట వచ్చిన ఒక అమ్మాయి చేతిలో, ఎవరో తెలిసినవారు రాసిచ్చిన కాగితం ఉంది. దాని మీద పై నుంచి కింది దాకా నాలుగేసి అక్షరాల కళాశాల కోడ్‌లే ఉన్నాయి. వెనక వరుస పెరిగిపోతుంటే ఆపరేటరు ఒక్కో కోడ్ ఎదురుగా అంకెలు వేసుకుంటూ పోతున్నాడు. ‘అన్నా, ఈ కాలేజీలో హాస్టల్ ఉందా? లేకపోతే మా నాన్న పంపించడు’ అని ఆ పిల్ల అడిగితే, ‘ముందైతే పెట్టేద్దాం చెల్లే, ఫ్రీజ్ చేసేలోపు మార్చుకోవచ్చు’ అన్నాడు. అతణ్ని తప్పుపట్టలేను. ఆ కళాశాలను అతనూ చూసి ఎరగడు. సంతలో ఎద్దును కొనే రైతు పళ్లు చూసి, నాలుగడుగులు నడిపించి చూడనిదే బేరమాడడు. లక్షల రూపాయల ఫీజుతో, నాలుగేళ్ల వయసుతో ముడిపడిన నిర్ణయానికి ఆ మాత్రం అవకాశం కూడా ఇవ్వడం లేదు.

చూద్దామని ఎవరైనా సొంతంగా బయలుదేరినా ప్రవేశాల క్యాలెండరే అడ్డుపడుతుంది. ఇంటర్ పరీక్షలు ఫిబ్రవరి, మార్చి నెలల్లోనూ, ప్రవేశపరీక్ష వేసవిలోనూ ముగిసి, ఫలితాలు వచ్చి, ఆప్షన్ల గడువు మొదలయ్యేసరికి చాలా కళాశాలల్లో తరగతులు అయిపోయి పరీక్షలో సెలవులో నడుస్తుంటాయి. అప్పుడు వెళ్లినవారికి తాళం వేసిన ప్రయోగశాలలు, ఖాళీ వరండాలు, అడ్మిషన్ల కార్యాలయంలో ఇద్దరు ముగ్గురు సిబ్బంది మాత్రమే కనిపిస్తారు. కళాశాల భవనాన్ని చూసి రావచ్చు గానీ, అక్కడ పాఠం ఎలా సాగుతుందో ఆ రోజుల్లో తెలిసే మార్గం లేదు.

మరి కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు తల్లిదండ్రులను ఆహ్వానిస్తున్నాయి కదా అని ఎవరైనా అనవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో, తెలంగాణలో 2018లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టాలు వచ్చాక ఈ సందర్శనలు పెరిగిన మాట నిజమే. అటువంటి ఒకదానికి నా పూర్వ విద్యార్థి కుటుంబంతో కలిసి వెళ్లాను. గేటు దగ్గర తండ్రి ఫోన్ నంబరు, తల్లి ఫోన్ నంబరు, పిల్లవాడి హాల్‌టికెట్ నంబరు రాయించుకున్నాకే మెడలో వేసుకునే పాసులు ఇచ్చారు. ఏసీ ఆడిటోరియంలో డ్రోన్‌తో తీసిన వీడియో వేశారు, అత్యధిక ప్యాకేజీ ఎంతో మూడు నాలుగు సార్లు చెప్పారు, భోజనం కూపన్లు పంచారు. బ్యాటరీ బండిలో తిప్పుతూ ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలను అద్దం బయటి నుంచి చూపించారు. బల్లల మీద ఆసిలోస్కోపులు వరుసగా ఉన్నాయి, కానీ వాటి ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయనే లేదు. ఒక్క బల్ల మీదనైనా ఒక వైరు గానీ, ఒక బ్రెడ్‌బోర్డు గానీ కనిపించలేదు. లోపలికి వెళ్లవచ్చా అంటే ల్యాబ్ అసిస్టెంటు సెలవులో ఉన్నారన్నారు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసే ఆ తండ్రి, మూడో సంవత్సరం పిల్లలు ఒకరిద్దరితో మాట్లాడతానంటే పరీక్షలు జరుగుతున్నాయన్నారు. చివరకు మమ్మల్ని కూర్చోబెట్టినచోట మాత్రం కంప్యూటర్లు, కార్డు యంత్రాలు, సిబ్బంది అంతా సిద్ధంగా ఉన్నారు. ఆ సాయంత్రంలోగా అడ్వాన్సు కడితేనే స్కాలర్‌షిప్ ఖాయమని, రేపటికి హామీ ఇవ్వలేమని చెప్పారు. దీన్ని సందర్శన దినం అనడానికి నాకు మనసొప్పదు. చూపించవలసినవి దాచి, ఆలోచించుకునే వ్యవధి లేకుండా చేసి డబ్బు కట్టించుకునే ఏర్పాటు ఇది.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాల తీరు ఇందుకు పూర్తిగా భిన్నమైనది, నన్ను ఎక్కువ బాధించేది కూడా అదే. వారు ఎవరినీ మభ్యపెట్టరు, కానీ ఎవరినీ పిలవరు కూడా. 1918లో పుట్టిన ఉస్మానియాకు, 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉన్న గ్రంథాలయాలు, విభాగాలు, అక్కడ పనిచేసిన ఆచార్యుల పరంపర ఎన్ని కోట్లు కుమ్మరించినా రాత్రికి రాత్రి వచ్చేవి కావు. అయినా మా ఊరి ఇంటర్ విద్యార్థికి వాటి గురించి తెలిసింది పేరొక్కటే. మా పొరుగునే ఉన్న కొత్తగూడెం సంగతి చూడండి. సింగరేణి గనుల నడుమ దశాబ్దాలుగా మైనింగ్ చదువు చెప్పిన కళాశాల ఇటీవల డాక్టర్ మన్మోహన్ సింగ్ పేరిట భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మారింది. తెలుగు నేలలో చదువుకునే పిల్లలకు ఇది అరుదైన అవకాశం. కానీ భూగర్భశాస్త్రం చదివితే ఏ పని చేస్తారో, ఏ ఉద్యోగాలు వస్తాయో మా పిల్లల్లో నూటికి తొంభై మందికి తెలియదు. ఒక్క రోజు తలుపులు తెరిచి, బల్ల మీద పది రకాల రాళ్లు పేర్చి, గని నమూనా ఒకటి చూపించి, భూగర్భజలాలను ఎలా కనిపెడతారో ఒక ఆచార్యుడు అరగంట తెలుగులో చెబితే, కంప్యూటర్ సైన్స్ తప్ప మరేదీ చదువు కాదనుకునే పిల్లల్లో కొందరైనా ఆగి ఆలోచిస్తారు. ఆసక్తి లేదని ఆయా శాఖలను మూసివేసేముందు, ఆసక్తి పుట్టించే ప్రయత్నం ఒక్కసారైనా చేశామా అని విశ్వవిద్యాలయాలు తమను తాము ప్రశ్నించుకోవాలి.

బ్రిటన్‌లో ఈ పని ఏళ్ల తరబడి ఒక పద్ధతిగా జరుగుతోంది. అక్కడ డిగ్రీ దరఖాస్తులు దాదాపు అన్నీ యూకాస్ అనే ఒకే సంస్థ ద్వారా వెళతాయి, సాధారణంగా ఒక విద్యార్థి ఐదు చోట్లకు మించి దరఖాస్తు చేయలేడు. అందుకే విశ్వవిద్యాలయాలు దరఖాస్తుకు ముందే, వేసవిలోనూ ఆ తరువాతి నెలల్లోనూ ఓపెన్ డేలు నిర్వహిస్తాయి. విభాగాలను తిప్పి చూపించేది ఎక్కువగా అక్కడి విద్యార్థులే. నమూనా పాఠాలు ఉంటాయి, హాస్టల్ గదులు చూడవచ్చు. నాకు అన్నిటికంటే నచ్చింది మరొకటి. ఆ దేశంలో వినియోగదారుల హక్కులను చూసే కాంపిటీషన్ అండ్ మార్కెట్స్ అథారిటీ 2015లో విశ్వవిద్యాలయాలకు ఒక మార్గదర్శిక ఇచ్చింది. కోర్సు, ఫీజు, అదనపు ఖర్చుల గురించి కరపత్రాల్లోనైనా, ఓపెన్ డేలలోనైనా చెప్పేది ఖచ్చితంగా ఉండాలని, తప్పుదారి పట్టిస్తే వినియోగదారుల చట్టం వర్తిస్తుందని స్పష్టం చేసింది. అక్కడి ఫీజులు, వ్యవస్థ మనకు సరిపోతాయని నేననడం లేదు. చూపించే రోజు కూడా ప్రవేశ ప్రక్రియలో భాగమేనని, ఆ రోజు చెప్పిన మాటకు సంస్థ బాధ్యత వహించాలని వారు గుర్తించారు. మనం నేర్చుకోవలసింది ఇదే.

మన దేశంలో నియమాలు లేవని కాదు. అధ్యాపకులు, సదుపాయాలు, ఫీజుల వివరాలను ప్రతి సాంకేతిక కళాశాల తన వెబ్‌సైట్‌లో ఉంచాలని, సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ మండలి ఏఐసీటీఈ ఏనాడో నిర్దేశించింది. 2016 నుంచి కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు ఇస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల కోసం సంస్థలు ఇచ్చే సమాచారంలో ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, వారి మధ్యస్థ జీతం ఎంత, ఎంతమంది పైచదువులకు వెళ్లారు అన్న లెక్కలు ఉంటాయి. హోర్డింగుల మీద రాసే అత్యధిక ప్యాకేజీ ఒక్కరికి వచ్చేది. మధ్యస్థ జీతమైతే, ఉద్యోగం వచ్చినవారిలో సగం మందికి అంతకంటే తక్కువే వస్తుందని చెబుతుంది. నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులకు ఆ పేజీ తెరిచి చూపిస్తే చాలామంది మొదట నమ్మరు. కానీ ఆ వివరాలు వెబ్‌సైట్‌లో ఏ మూలనో, ఎవరూ వెతకనిచోట ఉంటున్నాయి. సందర్శన దినాన విభాగం గుమ్మం దగ్గరే వాటిని తెలుగులో, పెద్ద అక్షరాలతో అంటించాలని నా కోరిక.

ఈ అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది. 2024-25 నుంచి ఏఐసీటీఈ, అర్హత ఉన్న కళాశాలలకు ఒక్కో శాఖలో సీట్ల గరిష్ఠ పరిమితిని ఎత్తివేసింది. కంప్యూటర్ కోర్సుల్లో సెక్షన్ల మీద సెక్షన్లు పెరుగుతున్నచోట, ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు అన్న నిష్పత్తి తరగతి గదిలో నిజంగా అమలవుతోందా, కాగితం మీదే ఉందా అన్నది వెళ్లి చూసినవారికే తెలుస్తుంది. ఒక్కో పరికరం దగ్గర ఎంతమంది నిలబడ్డారు, ప్రయోగశాల రిజిస్టరులో చివరి తేదీ ఏది, సాయంత్రం ఆరు తరువాత గ్రంథాలయంలో దీపాలు వెలుగుతున్నాయా అన్నవి ఏ నివేదికా చెప్పని విషయాలు. పదో తరగతి దాటని తల్లిదండ్రులు కూడా వీటిని చూసి గ్రహించగలరు.

ఆడపిల్లల తల్లులు అడిగేవి మరికొన్ని ఉన్నాయి. హాస్టల్ బాత్రూములకు లోపలి గడియ ఉందా, బస్సు దిగినచోటి నుంచి గేటు దాకా వీధి దీపాలున్నాయా, రాత్రివేళ జ్వరం వస్తే ఆసుపత్రికి ఎవరు తీసుకెళతారు? వీటికి సూటిగా జవాబు దొరకక, తల్లి మనసు ఒప్పక, మంచి ర్యాంకు వచ్చిన పిల్లను ఊరి పక్క కళాశాలలోనే చేర్పించినవారిని నేనెరుగుదును. వైకల్యం ఉన్న విద్యార్థుల పరిస్థితి ఇంకా కష్టం. వికలాంగుల హక్కుల చట్టం (2016) ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో వారికి కనీసం 5 శాతం సీట్లు కేటాయించింది. కానీ విభాగం రెండో అంతస్తులో ఉండి లిఫ్టు లేకపోతే ఆ సీటు కాగితానికే పరిమితం. ముందుగా చూసే వీలుంటే ఆ విద్యార్థి తనకు అనువైన చోటును ఎంచుకుంటాడు, ర్యాంపు లేదని అడిగేవారు పదిమంది వస్తే సంస్థ కూడా కదులుతుంది.

చూడకుండా చేరడం వల్ల కలిగే నష్టం ఫీజు వెనక్కి అడిగే రోజున బయటపడుతుంది. ప్రైవేటు విశ్వవిద్యాలయాలు అనేకం ప్రభుత్వ కౌన్సెలింగ్ కంటే నెలల ముందే డబ్బు కట్టించుకుంటాయి. జులైలో కన్వీనర్ కోటా సీటు వచ్చాక ఆ అడ్వాన్సు కోసం తిరిగే తండ్రులను ఏటా చూస్తున్నాను. 2018 అక్టోబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, ప్రకటించిన ప్రవేశ గడువుకు పదిహేను రోజుల ముందే మానుకుంటే 5 శాతానికి, అదీ 5,000 రూపాయలకు మించకుండా, మినహాయించుకుని మిగతా ఫీజంతా తిరిగి ఇవ్వాలి. గడువు దాటిన పదిహేను రోజుల్లోపైతే 80 శాతం, ముప్పై రోజుల్లోపైతే 50 శాతం ఇవ్వాలి. అసలు ధ్రువపత్రాలను పరిశీలించి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి తప్ప దగ్గర ఉంచుకోకూడదు. 2024-25లో సెప్టెంబరు 30 వరకు పూర్తి ఫీజు తిరిగి ఇవ్వాలని యూజీసీ విడిగా కూడా ఆదేశించింది. ఇంత స్పష్టంగా ఉన్నా ఈ నియమాలు తెలిసిన తల్లిదండ్రులు నాకు అరుదుగానే తారసపడ్డారు. టీసీ, మెమోలు సంస్థ బీరువాలో ఉన్నాయన్న ఒక్క భయంతో, నచ్చని చోటే కొనసాగుతున్న పిల్లలు ఎందరో ఉన్నారు.

నేను కోరేది కష్టసాధ్యమైనదేమీ కాదు. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు మార్చిలో ముగుస్తాయి. ఏప్రిల్‌లో చాలా ఇంజనీరింగ్ కళాశాలల్లో రెండో సెమిస్టరు తరగతులు, ప్రయోగాలు జరుగుతూనే ఉంటాయి. ఎంపికకు ఇంకా ఏడాదికి పైగా గడువున్న ఆ నెలలో పిల్లవాడి మీద ర్యాంకు ఒత్తిడి లేదు, సంస్థకు ఆ రోజే సీటు అమ్ముకోవాలన్న తొందరా ఉండదు. ఏప్రిల్‌లో రెండు శనివారాలు ఇందుకు కేటాయించి, ఎండ ముదరకముందే ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాకా తలుపులు తెరిస్తే చాలు. వేసవి తరగతుల పేరుతో పిల్లలను వదలని కార్పొరేట్ జూనియర్ కళాశాలలు ఆ రెండు పూటలు సెలవివ్వాలని ఇంటర్ బోర్డు ఆదేశించాలి. అప్పుడు రాలేకపోయినవారి కోసం, ర్యాంకులు వచ్చాక ఆప్షన్లు మొదలయ్యేముందు మరొక రోజు పెట్టవచ్చు గానీ, నా దృష్టిలో ఏప్రిలే ముఖ్యం.

వేలమంది ఒకేసారి వస్తే అదుపు చేయడం కష్టమని, సిబ్బంది చాలరని విశ్వవిద్యాలయాల అధికారులు అంటారు. సాంకేతిక ఉత్సవాలకు, క్రీడాపోటీలకు అవే ప్రాంగణాల్లోకి వేలమంది వస్తూనే ఉన్నారు. జిల్లాలవారీగా పేర్లు నమోదు చేసుకుని, ఎన్ఎస్ఎస్ వాలంటీర్లను తోడుగా ఇస్తే సరిపోతుంది. ఐఐటీల్లో కొన్ని, అర్హత సాధించిన విద్యార్థులకు, తల్లిదండ్రులకు తమ ప్రాంగణాలను చూపించే కార్యక్రమాలు నిర్వహిస్తున్నాయి. వాటికి సాధ్యమైనది మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఎందుకు సాధ్యం కాదు? మరొక అభ్యంతరం కూడా విన్నాను: తల్లిదండ్రులు భవనాలు, ఏసీలు చూసి మోసపోతారని. అందుకే కదా, ఆ రోజు ఏం చూపించాలో సంస్థల ఇష్టానికి వదలకూడదని అంటున్నాను.

కాబట్టి రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు రాబోయే విద్యాసంవత్సరం క్యాలెండర్‌లోనే ఈ సందర్శన దినాలను చేర్చాలని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను. ఆ ఉత్తర్వు ప్రభుత్వ, ప్రైవేటు, అనుబంధ కళాశాలలన్నిటికీ ఒకేలా వర్తించాలి. ప్రయోగశాలలు పని చేస్తుండగానే చూపించాలని, యాజమాన్యం ఎదుట లేకుండా ప్రస్తుత విద్యార్థులతో మాట్లాడే వీలు కల్పించాలని, హాస్టల్ తప్పక చూపించాలని, ప్రవేశాల కోసం ఫోన్ నంబర్లు సేకరించకూడదని, ఆ రోజు ప్రాంగణంలో ఒక్క రూపాయి కూడా కట్టించుకోకూడదని అందులో రాయాలి. యూజీసీ ఫీజు వాపసు పట్టికను తెలుగులో అచ్చువేసి ప్రతి కుటుంబం చేతికివ్వాలి. ఈ నియమాలు మీరినవారిపై ఫిర్యాదు చేయడానికి మండలిలో ఒక అధికారి పేరు, నంబరు ప్రకటించాలి. మీరు కూడా సీట్ల కేటాయింపు తేదీలతో పాటు ఈ సందర్శన తేదీలను జిల్లా పేజీల్లో ముందుగా ప్రచురిస్తే, మారుమూల మండలంలోని తల్లిదండ్రులకు బస్సు ఛార్జీలు సమకూర్చుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది.

భవదీయ,
ప్రభుత్వ జూనియర్ కళాశాల విశ్రాంత భౌతికశాస్త్ర ఉపన్యాసకులు,
ఖమ్మం జిల్లా